మెదడు గడ్డకు తొలిదశ ట్రయల్ మందు: సీమ కుటుంబాలు ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

మెదడు గడ్డకు కొత్త మందు ట్రయల్ ఏదైనా ఉందా అని జనం అడిగేది సాధారణంగా గడ్డ రెండోసారి పెరిగినప్పుడు. అప్పటికి చేతిలో ఉండేవి నాలుగు ఫిల్ములు, ఒక డిశ్చార్జి కాగితం, ఫిట్స్‌కు వాడే ఎప్టాయిన్ మాత్రల పట్టీ. ట్రయల్ వాళ్ళు అడిగేవి వేరు. మొదటి ఆపరేషన్‌లో తీసిన ముక్క తాలూకు మైనపు బ్లాకు (ముక్కను మైనంలో పొదిగి పాథాలజీ వాళ్ళు దాచే దిమ్మ) కావాలి. స్కానింగ్ సీడీలు కావాలి. రేడియేషన్ ఏ తేదీన ముగిసిందో రాతపూర్వకంగా ఉండాలి. ఫిట్స్ మాత్ర మార్చి రెండు వారాలైనా అయి ఉండాలి. జబ్బు ముదిరితేనే కాదు, వీటిలో ఒకటి లేకపోయినా తిప్పి పంపుతారు. అనంతపురం నుంచి బెంగళూరైనా, కర్నూలు నుంచి హైదరాబాదైనా సుమారు 210 కిలోమీటర్లు. నడవలేని మనిషిని అంత దూరం తీసుకెళ్ళి బ్లాకు కోసం మళ్ళీ వెనక్కి రావడం కంటే, ఊళ్ళో ఉండగానే వీటిని సమకూర్చుకోవడం మేలు.

తొలిదశలో అడిగే ప్రశ్న ఏది

ఒకటో దశ ట్రయల్లో ప్రధానంగా తేల్చేది మందు జబ్బును తగ్గిస్తుందా అన్నది కాదు. మనిషి ఎంత మోతాదు తట్టుకోగలడు, ఒంట్లో మందు ఎంతసేపు నిలుస్తుంది అన్నవే అసలు ప్రశ్నలు. పాత పద్ధతిలో ఒక్కో మోతాదుకు ముగ్గురిని చేర్చుకుంటారు. మొదటి విడతలో, అంటే సాధారణంగా 28 రోజుల్లో, ముగ్గురిలో ఎవరికీ తీవ్రమైన హాని కనపడకపోతే తర్వాతి ముగ్గురికి మోతాదు పెంచుతారు. ఒకరికి కనపడితే అదే మోతాదులో ఇంకో ముగ్గురిని చేరుస్తారు. ఇద్దరికి కనపడితే పెంచడం ఆపి కింది మెట్టుకు దిగుతారు. ఇప్పుడు గణాంకాల లెక్కతో మెట్లు నిర్ణయించే పద్ధతులు కూడా వచ్చాయి కానీ, కొద్దిమందితో మొదలుపెట్టి చూసుకుంటూ పైకి పోవడం మాత్రం మారలేదు.

దీని వల్ల కుటుంబానికి రెండు సంగతులు తేలుతాయి. మీ మనిషి కింది మెట్టులో చేరితే మందు పనిచేయడానికి చాలనంత తక్కువ మోతాదు పడవచ్చు. పై మెట్టులో చేరితే దుష్ప్రభావాలు ఎక్కువ కావచ్చు. "ఇప్పుడు ఏ మెట్టు నడుస్తోంది, ఇంతకుముందు మెట్టులో ఏం జరిగింది, ఇదే మనిషికి తర్వాత మోతాదు పెంచుతారా?" అని అడగడం మీ హక్కు. రెండోది, మెట్టు నిండిపోతే ఆ 28 రోజుల ఫలితం తేలేదాకా కొత్తవాళ్ళను తీసుకోరు. కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి ఖాళీ ఉందో లేదో కనుక్కోవాలి.

మెదడు విషయంలో ఇంకో చిక్కు ఉంది. రక్తనాళాల గోడ మెదడులోకి చాలా మందులను పోనివ్వదు. దూరిన మందును కూడా పీ-గ్లైకోప్రోటీన్ లాంటి పంపులు గుమ్మం దాటిన అతిథిని మెడపట్టి గెంటినట్టు తిరిగి రక్తంలోకి తోసేస్తాయి. స్కానింగ్‌లో కాంట్రాస్టుతో (నరానికి ఎక్కించే రంగుమందుతో) తెల్లగా వెలిగే చోట ఈ గోడ చెడిపోయి ఉంటుంది, అక్కడికి మందు చేరుతుంది. దాని చుట్టూ వెలగని భాగంలోకి పాకిన గడ్డ కణాలు మాత్రం గోడ చాటున క్షేమంగా ఉంటాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్లో పేరు తెచ్చుకున్న ఎర్లోటినిబ్, జెఫిటినిబ్ అనే మందులు గ్లయోబ్లాస్టోమా అనే అతి ప్రమాదకరమైన మెదడు గడ్డలో తేలిపోవడానికి ఇదొక కారణం. ఈ మందులు గురిపెట్టే ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్‌లో మార్పు రెండు జబ్బుల్లో ఒకే చోట రాకపోవడం, ఒకే గడ్డలో కణాలు రకరకాలుగా ఉండటం మిగతా కారణాలు.

అందుకే మెదడు గడ్డలకు సున్నా దశ అనే పద్ధతి ఒకటి పుట్టింది. ఆపరేషన్ ఎలాగూ చేయాల్సిన రోగికి ముందు కొద్ది రోజులు మందు ఇస్తారు. తీసిన ముక్కలో, ముఖ్యంగా వెలగని భాగంలో, ప్రోటీన్‌కు అతుక్కోకుండా స్వేచ్ఛగా ఉన్న మందు ఎంత చేరిందో, దాని గురి మీద పని చేసిందో లేదో కొలుస్తారు. చేరకపోతే ఆ రోగికి ఆ మందును అక్కడితో ఆపేస్తారు. అమెరికాలో ఫీనిక్స్‌లోని ఐవీ బ్రెయిన్ ట్యూమర్ సెంటర్ ఈ తరహాకు పేరుపడింది. మందు లోపలికి చేరిందో లేదో తేలకుండా నెలల తరబడి మింగించే ట్రయల్ కంటే ఇది నిజాయితీ గల పద్ధతని మా అభిప్రాయం.

ఒక మందు ఈ దారంతా నడిచి ఒడ్డుకు చేరిన ఉదాహరణ వోరాసిడెనిబ్. ఒకటో దశలో 100 మిల్లీగ్రాములు, ఆపైన ఇచ్చినప్పుడు లివర్ ఎంజైములు పెరిగాయి, మందు ఆపితే దిగాయి. దాంతో మోతాదును అంతకంటే కింద ఉంచారు. తర్వాత ఆపరేషన్ ముందు ఇచ్చి, ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు వల్ల గడ్డలో పోగయ్యే 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థం తొంభై శాతం పైగా తగ్గిందని ముక్కలోనే కొలిచి చూశారు. ఆ తర్వాతే 331 మందితో మూడో దశ పెట్టారు. రోజుకు 40 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ళలో గడ్డ పెరగకుండా గడిచిన కాలం మధ్యస్థంగా 27.7 నెలలు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో 11.1 నెలలు. 2024 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది. అది రెండో గ్రేడు గడ్డలకు, ఐడీహెచ్ మార్పు ఉన్నవాళ్ళకు మాత్రమే. ఐడీహెచ్ మార్పు లేని గ్లయోబ్లాస్టోమాకు దానితో పనిలేదు.

మన దేశపు నియమం ఒకటి గుర్తుపెట్టుకోండి. 2019 మార్చిలో వచ్చిన ‘కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్’ నిబంధనల ప్రకారం, విదేశాల్లో కనిపెట్టిన మందుకు అక్కడి ఒకటో దశ సమాచారం చూపించాకే ఇక్కడ ఒకటో దశ మళ్ళీ చేయడానికైనా, తర్వాతి దశలకైనా అనుమతిస్తారు. మనిషి మీద మొట్టమొదటి ప్రయోగం ఇక్కడ జరిగేది భారత్‌లో కనిపెట్టిన మందులకే. "విదేశీ మందు, ప్రపంచంలో మొదటిసారి మీకే ఇస్తున్నాం" అని ఎవరైనా చెబితే అనుమతి కాగితం చూపించమని అడగండి.

బ్లాకు సంగతి

గడ్డ ముక్క ఎలా భద్రమైందన్నదాని మీదే తర్వాతి పరీక్షలన్నీ ఆధారపడతాయి. ఆపరేషన్ ఇంకా జరగకపోతే సర్జన్‌తోనూ పాథాలజీ వాళ్ళతోనూ ముందే మాట్లాడండి. ముక్కను ముక్క పరిమాణానికి కనీసం పదింతలు ఉండే పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. ఆరు గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు దాటకుండా అందులో ఉంచి బ్లాకు చేయాలి. బఫర్ లేని ఫార్మలిన్ పోస్తేనో, శనివారం వేసిన ముక్కను పండగ సెలవులన్నీ అయిపోయాక తీస్తేనో డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. మామూలు సూక్ష్మదర్శిని కింద అది బాగానే కనపడుతుంది, రిపోర్టు కూడా వస్తుంది. జన్యుపరీక్షకు పంపినప్పుడే "నమూనా చాలదు" అని తిరిగొస్తుంది.

ఆపరేషన్ అయిపోయి ఉంటే రిపోర్టు మీద ఉన్న బయాప్సీ నంబరుతో, రోగి సంతకం చేసిన ఉత్తరంతో పాథాలజీ విభాగానికి వెళ్ళండి. గడ్డ కణాలు ఎక్కువగా ఉన్న బ్లాకు ఏదో డాక్టరు చేత గుర్తు పెట్టించండి. ఆపరేషన్‌లో పది ముక్కలు తీస్తే అందులో కొన్ని చచ్చిన కణజాలమే అయి ఉంటాయి. బ్లాకు ఇవ్వడం కుదరదంటే నాలుగైదు మైక్రాన్ల మందంతో రంగు వేయని స్లైడ్లు 10 నుంచి 15 కోయించుకోండి. అయితే కోసిన స్లైడ్లు నిలవుంటే కొన్ని పరీక్షలకు పనికిరాకుండా పోతాయి కాబట్టి ట్రయల్ ఖాయమైనప్పుడే కోయించాలి. ఒక బ్లాకు మొత్తం ఒకే ల్యాబుకు ఇచ్చేయకండి. పరీక్షకు వాడేసి "అయిపోయింది" అంటే ఇంకో ట్రయల్‌కు దారి మూసుకుపోతుంది.

బ్లాకులో ఉండే మైనపు 56 నుంచి 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు బస్టాండు ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు ఆ వేడికి చేరుతుంది. బ్లాకులను గట్టి డబ్బాలో పెట్టి, దూదితో సర్ది చేతిసంచిలో తీసుకెళ్ళండి, కారు డిక్కీలో వదలకండి.

ఏ మార్పు ఉందో తెలియాలి

రిపోర్టులో "హై గ్రేడ్ గ్లయోమా" అని మాత్రమే ఉంటే అది ట్రయల్‌కు చాలదు. 2021 ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ తర్వాత గడ్డ పేరే జన్యుమార్పును బట్టి పెడుతున్నారు. కనీసంగా కావలసిన జన్యుపరీక్షలు ఐడీహెచ్, ఏటీఆర్ఎక్స్, 1పీ/19క్యూ, ఎంజీఎంటీ. మెదడు నడిమధ్యన, వెన్నుపాములో, మెదడు కాండంలో ఉన్న గడ్డకు హెచ్3 కే27ఎం అనే మార్పు చూడాలి. పిల్లల్లో, కుర్రవాళ్ళలో బీఆర్ఏఎఫ్ వీ600ఈ అనే మార్పు తప్పనిసరిగా చూడాలి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. ఐడీహెచ్‌కు మామూలుగా చేసే రంగు పరీక్ష ఆర్132హెచ్ అనే ఒక్క రకాన్నే పట్టుకుంటుంది. అది ఐడీహెచ్1 మార్పుల్లో తొంభై శాతం దాకా ఉంటుంది కానీ మిగతా పది శాతాన్ని, ఐడీహెచ్2ను ఆ పరీక్ష వదిలేస్తుంది. రోగి వయసు 55 లోపు ఉండి ఆ పరీక్ష నెగెటివ్ వస్తే సీక్వెన్సింగ్ (జన్యువును అక్షరం అక్షరంగా చదివే పరీక్ష) అడగాలి. నలభై ఏళ్ళ మనిషికి "ఐడీహెచ్ నెగెటివ్" అని రాసి అక్కడితో ఆపేస్తే, సరిగ్గా సరిపోయే ట్రయల్ చేతికందకుండా పోవచ్చు.

మార్పు తెలిస్తే వెతకాల్సింది ఏమిటో తేలుతుంది. బీఆర్ఏఎఫ్ వీ600ఈ ఉంటే డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ జంట. ఎన్‌టీఆర్‌కే జన్యువు వేరే జన్యువుతో కలిసిపోయి ఉంటే లారోట్రెక్టినిబ్ తరహా మందులు. ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు జబ్బుతో వచ్చే ప్రత్యేకమైన గడ్డకు ఎవెరోలిమస్. హెచ్3 కే27ఎం గడ్డకు డోర్డావిప్రోన్, దీనికి 2025 ఆగస్టులో అమెరికాలో షరతులతో అనుమతి వచ్చింది. ఇవి ట్రయల్ దాటి వచ్చిన మందులు. మీ గడ్డకు ఇలాంటిది ఒకటి ఇప్పటికే ఉంటే ముందు అది దొరుకుతుందేమో చూడాలి, ఒకటో దశ ఆ తర్వాతి మాట.

వెతకడం

మన దేశంలో జరిగే ట్రయల్స్ అన్నీ సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్టరులో నమోదు కావాలి, 2009 జూన్ 15 నుంచి ఇది తప్పనిసరి. గ్లయోమా, గ్లయోబ్లాస్టోమా, ఆస్ట్రోసైటోమా అని విడివిడిగా వెతకండి, ఒక్క పదంతో అన్నీ రావు. ప్రతి ట్రయల్‌కు సంవత్సరం, నెల, ఆరంకెల సంఖ్యతో నంబరు ఉంటుంది. చేర్చుకుంటున్నారా, ఏ ఊళ్ళో జరుగుతోంది, అక్కడి ఎథిక్స్ కమిటీ (రోగుల క్షేమం చూసే కమిటీ) ఆమోదం వచ్చిందా అన్న మూడు వరుసలు చదివితే సగం పని అయినట్టే. ఆ పేజీలో రాసిన డాక్టరు నంబరుకు మీ సొంత డాక్టరు చేత ఫోన్ చేయించండి.

కర్నూలు మెడికల్ కాలేజీ ఆసుపత్రి, కడప రిమ్స్, అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రి, తిరుపతి స్విమ్స్‌లలో ఎక్కడ చికిత్స జరిగినా అక్కడి న్యూరో సర్జన్ రాసిన ఒక పేజీ సారాంశం తీసుకెళ్ళండి. గడ్డ పేరు, ఆపరేషన్ తేదీ, రేడియేషన్ ఎన్ని గ్రేలు (రేడియేషన్ కొలమానం), మొదలు, చివర తేదీలు, టెమోజోలమైడ్ (కీమో మాత్ర) ఎన్ని విడతలు, చివరి మాత్ర తేదీ, ఇప్పటి స్టెరాయిడ్ మోతాదు ఉంటే చాలు. సాధారణంగా రేడియేషన్ 30 సిట్టింగుల్లో, సుమారు ఆరు వారాల పాటు, 60 గ్రేలు ఇస్తారు. రేడియేషన్ ముగిసి 12 వారాలు, టెమోజోలమైడ్ ఆపి నాలుగు వారాలు, లోముస్టిన్ అనే మరో కీమో మందు ఆపి ఆరు వారాలు గడవాలని చాలా ట్రయల్స్ అడుగుతాయి. ఆపరేషన్ అయి కనీసం రెండు నుంచి నాలుగు వారాలు, పుండు మానడం కూడా చూస్తారు. తేదీ తెలియకపోతే వాళ్ళు ఊహించి రాయరు, తిప్పి పంపుతారు.

రోగి తన పనులు తాను చేసుకోగలగడం వందకు లెక్కవేసే కర్నోఫ్‌స్కీ స్కోరులో కనీసం 60 లేదా 70 ఉండాలి. రక్తంలో కనీసం న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) 1,500, ప్లేట్‌లెట్లు లక్ష, హిమోగ్లోబిన్ తొమ్మిది, క్రియాటినిన్, బిలిరుబిన్ గరిష్ఠ హద్దుకు ఒకటిన్నర రెట్ల లోపు అన్నవి మామూలు గీతలు. ఇవన్నీ ఊళ్ళోనే చేయించుకుని చూసుకోవచ్చు. హెపటైటిస్ బీ కూడా చేయించండి, అది ఉందని అక్కడికి వెళ్ళాక బయటపడితే వారాలు పోతాయి.

ఫిట్స్ మాత్ర

ఎక్కువ మంది తట్టుకుని పడేది ఇక్కడే. ఎప్టాయిన్, టెగ్రిటాల్, గార్డినాల్ అనే మూడు లివర్‌లోని సీవైపీ3ఏ4 ఎంజైమును రెచ్చగొడతాయి. ఆ ఎంజైము కొత్త మందును పని చేయకముందే విరగ్గొట్టి పారేస్తుంది. వీటిని వాడుతున్నవాళ్ళ రక్తంలో ఎర్లోటినిబ్, ఇమాటినిబ్, టెమ్‌సిరోలిమస్ లాంటివి బాగా తగ్గిపోయాయని పాత ట్రయల్స్‌లో తేలింది. అప్పట్లో ఈ మాత్రలు వాడేవాళ్ళకు వేరే గుంపు పెట్టి వేరే మోతాదులు ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు దాదాపు అందరూ అసలు చేర్చుకోరు.

మార్చే పద్ధతి ఇదీ. పాత మాత్రను ఒక్కసారిగా ఆపకూడదు, ఆపితే ఫిట్స్ వరసగా వస్తాయి. న్యూరాలజిస్టు ముందు లెవెటిరాసిటమ్ మొదలుపెడతారు, సాధారణంగా 500 మిల్లీగ్రాములు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. అవసరాన్ని బట్టి 1,000, 1,500 దాకా పెంచుతారు. అది కుదురుకున్నాక పాతదాన్ని మెట్లుమెట్లుగా తగ్గిస్తారు. పాత మాత్ర పూర్తిగా ఆగిన రోజు నుంచి 14 రోజులు లెక్కపెడతారు. మొత్తం మీద నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి ట్రయల్ ఖరారయ్యాక మొదలుపెడితే ఆలస్యం. గడ్డ ఉందని తెలిసిన తొలినాళ్ళలోనే మార్పు గురించి అడగడం మంచిది.

లెవెటిరాసిటమ్ తీసుకున్నాక కొందరికి చిరాకు, కోపం బాగా పెరుగుతాయి. ఇంట్లోవాళ్ళు దాన్ని గడ్డ ముదిరిన లక్షణమనుకుని భయపడతారు, లేదా రోగే మాత్ర మానేస్తాడు. డాక్టరుకు చెబితే వేరే మందు ఉంది. వాల్‌ప్రోయేట్ ఆ ఎంజైమును రెచ్చగొట్టదు కానీ ప్లేట్‌లెట్లు తగ్గిస్తుంది, కొన్ని ట్రయల్స్ దాన్నీ ఒప్పుకోవు.

క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ కూడా ఎప్టాయిన్ కంటే తక్కువది కాదు. క్షయ చికిత్స నడుస్తుంటే అది ముగిసేదాకా ఇలాంటి మందుకు చోటుండదు. మెదడు వాపుకు ఇచ్చే స్టెరాయిడ్ డెక్సోనా కూడా మోతాదును బట్టి ఆ ఎంజైమును కొద్దిగా కదిలిస్తుంది. చాలా ట్రయల్స్ రోజుకు కొన్ని మిల్లీగ్రాములకు మించి ఒప్పుకోవు, పైగా తొలి ఎమ్మారై ముందు ఐదు నుంచి ఏడు రోజులు మోతాదు మారకుండా ఉండాలంటాయి. స్టెరాయిడ్ పెంచితే స్కానింగ్‌లో గడ్డ వెలుగు దానంతట అదే తగ్గుతుంది, మందు పని చేసిందని పొరబడే ప్రమాదం ఉంది. డెక్సోనా తలనొప్పికి ఇంట్లో తగ్గించడం, పెంచడం చేసేవాళ్ళు ఆ తేదీలు రాసి పెట్టండి.

ఎమ్మారై

ఫిల్ములు ఎన్ని ఉన్నా లాభం లేదు, సీడీ కావాలి. కాంట్రాస్టు ముందూ వెనకా టీ1, ఇంకా టీ2, ఫ్లెయిర్, డిఫ్యూజన్ అనే ఎమ్మారై వరసలు ఉండాలి. కాంట్రాస్టు తర్వాత ఒక మిల్లీమీటరు మందంతో త్రీడీ వరస తీస్తే కొలతకు బాగుంటుంది. ట్రయల్ మొదలైన తర్వాత ప్రతిసారీ అదే మిషన్ మీద తీయించుకోవాలి. కొలిచే పద్ధతి పేరు రానో. గడ్డ రెండు అడ్డు కొలతలను ఒకదానితో ఒకటి గుణించి, ఆ లబ్ధాల మొత్తం సగానికి తగ్గితే పాక్షికంగా తగ్గినట్టు, నాలుగో వంతు పెరిగితే పెరిగినట్టు. రెండు వైపులా కనీసం 10 మిల్లీమీటర్లు ఉన్న గడ్డనే కొలవదగినదిగా లెక్కవేస్తారు. రేడియేషన్ ముగిసిన 12 వారాల్లోపు గడ్డ పెరిగినట్టు కనపడటం చాలాసార్లు రేడియేషన్ వాపే. అందుకే పై 12 వారాల నియమం. ఆ వాపును చూసి వేగంగా వేరే మందుకు దూకకండి.

సంతకం

సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, ఎథిక్స్ కమిటీ ఆమోదించిన తెలుగు ప్రతి. బెంగళూరులోనో వేలూరులోనో ఉన్నంత మాత్రాన కన్నడంలోనో తమిళంలోనో సంతకం పెట్టక్కర్లేదు. చదవడం రాని వాళ్ళకు ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి ఒకరు ఉండి, పత్రమంతా చదివి వినిపించాక వేలిముద్ర వేయాలి. కొత్త రసాయన మందుల ట్రయల్లో తేలిగ్గా ఒత్తిడికి లోనయ్యే స్థితిలో ఉన్నవాళ్ళు (నయంకాని జబ్బున్నవాళ్ళు, పేదలు లాంటివాళ్ళు) చేరితే సమ్మతి మొత్తాన్ని వీడియో తీయాలన్నది నియమం. ఒక ప్రతి మీ దగ్గరే ఉండాలి.

మెదడు ముందు భాగంలో గడ్డ ఉన్న మనిషి అన్నిటికీ సరేననవచ్చు, మాట పోయిన మనిషి అర్థమైనా చెప్పలేడు. ఉదయం పూట, నిద్ర మత్తు లేనప్పుడు, దగ్గరి మనిషి పక్కనుండగా మాట్లాడమని అడగండి. ఇంటికి తీసుకెళ్ళి చదివి రేపు చెబుతామనడం తప్పు కాదు. మిగిలిన ముక్కను భవిష్యత్తు పరిశోధనకు వాడుకునే సమ్మతి వేరుగా ఉంటుంది, దాన్ని కాదన్నా ట్రయల్లో చేరవచ్చు. ఎప్పుడైనా మానేయవచ్చు, అందువల్ల మామూలు చికిత్స ఆగదు.

డబ్బు గురించి సిగ్గుపడకుండా అడగండి. ట్రయల్ మందుకు మీరు కట్టాల్సింది లేదు. మరి ఎమ్మారైకి, రక్త పరీక్షలకు, బస్సు చార్జీలకు, అక్కడ ఉండే గదికి ఎవరు ఇస్తారో పత్రంలో రాసి ఉండాలి. టికెట్లు, బిల్లులు దాచండి. రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకు 75 శాతం రాయితీ ఉంది, ఆసుపత్రి ఇచ్చే పత్రం చూపాలి.

మందు వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం. నష్టపరిహారం లెక్క ఇదీ: ఎనిమిది లక్షలను వయసు అంకెతో, రిస్కు అంకెతో గుణించి 99.37తో భాగిస్తారు. నలభై ఏళ్ళకు వయసు అంకె 184.17. బతకడానికి ఆరు నెలలకు మించి అవకాశం లేదనుకున్నవాళ్ళకు రిస్కు అంకె 0.5, ఆరు నుంచి 24 నెలలనుకున్నవాళ్ళకు 1. అంటే నలభై ఏళ్ళ మనిషి ట్రయల్ వల్ల చనిపోతే మొదటి వర్గంలో సుమారు 7.4 లక్షలు, రెండో వర్గంలో సుమారు 14.8 లక్షలు. ఈ వర్గం చేరిన రోజు రాసినదాన్ని బట్టే ఉంటుంది కాబట్టి ఏది రాశారో చూసుకోండి.

మొదటి 28 రోజులు

ఆసుపత్రికి దగ్గరలోనే ఉండాలి. మొదటి రోజు మాత్ర వేసుకునే ముందు, తర్వాత అరగంట, గంట, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది గంటలకు, మర్నాడు మళ్ళీ రక్తం తీస్తారు. చేతికి ఒక క్యాన్యులా పెట్టించుకుంటే పొడుపులు తగ్గుతాయి. గంట తప్పితే ఆ నమూనా పనికిరాదు. ఆ ఉదయం ఇంట్లోనే మాత్ర మింగి వచ్చేవాళ్ళు ఉంటారు, దానితో ఆ రోజు శ్రమంతా వృథా. తర్వాత వారానికోసారి, సాధారణంగా 8, 15, 22 రోజుల్లో రమ్మంటారు.

మాత్ర వేసుకున్నాక వాంతైతే మళ్ళీ వేయకండి, డైరీలో టైముతో రాయండి. ఖాళీ డబ్బాలు, మిగిలిన మాత్రలు పారేయకండి, లెక్కపెట్టి తీసుకుంటారు. మందు 25 డిగ్రీల లోపు ఉంచమని ఉంటే మే నెలలో కడపలో రేకుల ఇంట్లో అది కుదరదు. ఫ్రిజ్‌లో పెట్టమని రాయకపోతే ఫ్రిజ్ కూడా పరిష్కారం కాదు, తేమ పట్టి క్యాప్సూల్ చెడుతుంది. నేల మీద నీడపట్టున, మూత బిగించి పెట్టండి. ఎండ నెలల్లో తక్కువ రోజులకు సరిపడా మాత్రలే ఇవ్వమని అడగవచ్చు.

తినేవాటిలో జాగ్రత్త నిమ్మజాతిలోనే. నిషేధించే పండు గ్రేప్‌ఫ్రూట్, అంటే పంపర పనసకు దగ్గరి చుట్టం, ద్రాక్ష కాదు. దబ్బ, పంపర పనస కూడా మానేయండి. అనంతపురం చీనీ కాయ సంగతి ట్రయల్ ఫార్మసిస్టును పేరు పెట్టి అడగండి. పసరు మందులు, నాటు చూర్ణాలు, పసుపు క్యాప్సూల్స్ ఆపాలి. వాటి వల్ల లివర్ ఎంజైములు పెరిగినా నింద కొత్త మందు మీదే పడి మోతాదు ఆగిపోతుంది.

మందు రకాన్ని బట్టి దెబ్బ ఎక్కడ పడుతుందో ముందే తెలిస్తే మంచిది. ఐడీహెచ్ మందులకు లివర్, అందుకే రెండు వారాలకోసారి రక్త పరీక్ష. మెక్ మందులకు (ట్రామెటినిబ్ లాంటివి) చర్మం, గుండె, కంటి రెటీనా, అందుకే ఎకో, కంటి పరీక్ష. ఎవెరోలిమస్‌కు నోటి పుళ్ళు, చక్కెర, ఇన్‌ఫెక్షన్లు. ఈజీఎఫ్ఆర్ మందులకు మొటిమల్లాంటి దద్దుర్లు, విరేచనాలు. మన ఎండల్లో విరేచనాలతో ఒకరోజులోనే కిడ్నీ దెబ్బతినవచ్చు. రక్తనాళాలను అడ్డుకునే మందులకు బీపీ, రక్తస్రావం. డబ్రాఫెనిబ్‌కు జ్వరం వస్తుంది. కానీ వానాకాలంలో జ్వరమంటే డెంగీయో మలేరియానో కూడా కావచ్చు, మందు జ్వరమని తీసిపారేయకుండా రెండూ పరీక్ష చేయించండి.

రాత్రి ఫిట్స్ వస్తే

ట్రయల్ సెంటరు ఇచ్చిన కార్డు రోగి జేబులో, ఇంకొకటి ఇంట్లోవాళ్ళ ఫోన్‌లో ఫోటోగా ఉండాలి. ఊళ్ళో క్యాజువాలిటీకి వెళితే అలవాటుగా ఎప్టాయిన్ ఇంజెక్షన్ ఎక్కిస్తారు. కార్డు చూపించి లోరాజెపామ్ లేదా మిడజోలామ్, ఆపైన లెవెటిరాసిటమ్ ఇంజెక్షన్ ఉంటే అది ఇవ్వమని చెప్పండి. అవి లేకపోతే, ఫిట్స్ ఆగకపోతే, ఎప్టాయిన్ ఇవ్వనివ్వండి. ప్రాణం ముందు, ట్రయల్ తర్వాత. ఒకసారి ఎక్కించిన దాని కంటే, డిశ్చార్జిలో రాసిన ఎప్టాయిన్ మాత్రలను వారాల తరబడి కొనసాగించడమే అసలు నష్టం.

ఆసుపత్రిలో చేర్చిన ప్రతి సంఘటననూ ట్రయల్ డాక్టరు అది జరిగిన 24 గంటల్లో అధికారులకు, ఎథిక్స్ కమిటీకి తెలపాలి. కాబట్టి అదే రోజు ఫోన్ చేయండి. డిశ్చార్జి సారాంశం, ఇచ్చిన ఇంజెక్షన్ల చీటీ, రక్త పరీక్ష కాగితాలు తీసుకోండి. చిన్న నర్సింగ్ హోముల్లో ఇచ్చిన మందుల చీటీ ఇంటికి వెళ్ళే రోజున అడిగితే దొరకదు, చేరిన రోజే ఫోటో తీసుకోండి.

మందు ఆపినప్పుడు

గడ్డ పెరిగినందుకో, హాని జరిగినందుకో మందు ఆపితే చివరి మాత్ర తర్వాత 30 రోజులకు ఒకసారి రమ్మంటారు. ఇక మందే లేదని చాలామంది వెళ్ళరు. ఆలస్యంగా బయటపడే లివర్, గుండె సమస్యలు దొరికేది ఆ చూపులోనే. ఆ రోజు మూడు కాగితాలు అడగండి: ఏ మోతాదు ఎన్ని రోజులు తీసుకున్నారో, చివరి మాత్ర తేదీ, స్కానింగ్ సీడీల నకళ్ళు. మిగిలిన బ్లాకు ఎక్కడుందో, ఎవరి పేరున ఉందో రాయించుకోండి. తర్వాత వేరే ట్రయల్‌కు వెళ్ళాలన్నా, బెవాసిజుమాబ్ లాంటి మామూలు చికిత్స మొదలుపెట్టాలన్నా ఎదురుచూడాల్సిన వారాలను ఆ చివరి మాత్ర తేదీ నుంచే లెక్కపెడతారు.